పిల్లిటపాకాయ గురువారాలు

బోర్డు కొత్తది. రంగు వాసన ఇంకా పోలేదు. కోస్కిపెరా ఊళ్ళో మూతపడ్డ పాలడెయిరీ నేలమాళిగ తలుపుకి దాన్ని నాలుగు మేకులతో బిగించారు. హిల్కా హాపోయా భుజాన తుపాకీ సంచి, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో మంచులో నిలబడి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఒకటి. తుపాకీ మూతి ఎప్పుడూ గురిపలక వైపే ఉండాలి. కప్పు వైపు ఎత్తినవారు ఆ సీజనంతా కాల్చరాదు. రెండు. కాల్చేచోట ఇంకొకరి చేతిలోని తుపాకీని ముట్టుకున్నవారు ఆ సీజనంతా కాల్చరాదు."

రెండోది కొత్తదేం కాదు. డెయిరీ మూతపడి, ఆ నేలమాళిగ షూటింగ్ క్లబ్బు చేతికొచ్చిన మొదటి ఏడాది హిల్కాయే తన చేత్తో రాసిన నియమం అది. మొదటిది మాత్రం ఎవరు రాశారో అడగక్కర్లేదు. చదవగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ నేలమాళిగ ఆమెకు ఇల్లంత తెలుసు. పదహారేళ్ళు అందులోనే జున్ను దిమ్మలు తిరగేసింది. ఈ గోడ దగ్గర చలి ఎంతో, ఆ మూల తడి ఎంతో కళ్ళు మూసుకుని చెప్పగలదు. జున్ను అరలు పోయినచోట ఇప్పుడు కాల్చేవాళ్ళకి బల్ల, ఇరవై మీటర్ల అవతల ఇసుక నింపిన దుంగల గోడ, దాని ముందు కాగితపు గురులు. తడి ఎక్కువైన రోజున జున్ను వాసన ఇంకా వస్తుంది.

గురువారం మధ్యాహ్నాలు అక్కడ పాత తుపాకులవాళ్ళవి. యుద్ధకాలపు సైన్యం రైఫిళ్ళు, ఒక్కొక్కటి పొయ్యిలోకి తెచ్చిన దుంగంత బరువు. వాటిలో అసలైన తూటా పెట్టి నేలమాళిగలో కాలిస్తే చెవులు చిల్లులు పడతాయి, దుంగల గోడ నెలరోజులు కూడా నిలవదు. అందుకని పిల్లిటపాకాయలు పెడతారు. అంతలావు ఇత్తడి గొట్టంలో చిటికెడంటే చిటికెడు మందు, దాని మూతికి బొటనవేలితో నొక్కిన చిన్న సీసపు గుండు. పిల్లిని అదిలించడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని ఊరివాళ్ళు దానికా పేరు పెట్టారు. అది పేలితే పక్కగదిలో ఎవరో పుస్తకం కింద పడేసినట్టుంటుంది. గురి మాత్రం తప్పదు.

హిల్కా తుపాకీ ఆమె తండ్రి ఏలిస్‌ది. గొట్టం చివర గురిచూసే ముల్లుకి అటూ ఇటూ కాపలాగా రెండు రేకులు నిక్కపొడుచుకుని ఉంటాయి. అందుకే అలాంటి తుపాకుల్ని అక్కడ కుక్కచెవులవి అంటారు. తొమ్మిదేళ్ళప్పుడు పశువుల కొట్టంలో దాంతోనే ఆమె మొదటి పిల్లిటపాకాయ కాల్చింది. ఇప్పుడు అరవై ఎనిమిది. మూడేళ్ళ కిందట మంచు మీద జారిపడి భుజం ఎముక విరిగి, అందులో మేకులు వేశాక, అసలైన తూటాలు కాల్చొద్దని డాక్టరు చెప్పేశాడు. అంటే ఇక ఆమెకీ ఆ తుపాకీకీ మిగిలింది ఈ నేలమాళిగ, ఈ గురువారాలు. ఇవి పోతే తండ్రి తుపాకీ గోడకి వేలాడే బొమ్మ అయిపోతుంది. అలా చూడ్డం ఆమె వల్ల కాదు.

లోపల అప్పటికే తౌనో ఉన్నాడు. చిన్నప్పుడు బళ్ళో ఆమె పక్కబెంచీ. ఒక చెవి వినపడదు, రెండో చెవి తనకి ఇష్టమైనప్పుడే వినపడుతుంది.

"చదివావా?" అన్నాడు.

"చదివాను. అక్షరాలు బాగున్నాయి."

"ఊరుకోవే హిల్కా. రేపు ఆదివారం జిల్లా నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందిట. పాత తుపాకులు ఉండాలా పోవాలా ఆవిడ తేలుస్తుంది. అందాకా ఆ కుర్రాడితో పెట్టుకోకు."

కుర్రాడంటే యార్కో. నలభై ఆరేళ్ళు. పట్నంలో ఇరవయ్యేళ్ళు ఉండి తిరిగొచ్చి ఇళ్ళకి వేడిగాలి యంత్రాలు బిగించే పని పెట్టుకున్నాడు. మూడు వారాల కిందట క్లబ్బు అధ్యక్షుడయ్యాడు. చిన్నప్పుడు డెయిరీ వెనక తలుపు దగ్గర నిలబడి, "హిల్కత్తా, జున్ను చెక్కుముక్క పెట్టవా," అని అడిగేవాడు. ఇప్పుడు "హాపోయా గారూ" అంటున్నాడు.

హిల్కా కోటు విప్పి, తుపాకీ తీసి, బల్ల దగ్గర నిలబడింది. తూటా లోపల పెట్టింది. మూతిని నిటారుగా కప్పు వైపు ఎత్తింది. అరచేత్తో తుపాకీ చెక్కను రెండుసార్లు తట్టింది. మెల్లగా దించి, గురి చూసి కాల్చింది. టప్. కాగితం నడిమధ్య చిల్లు పడింది.

"హాపోయా గారూ!" యార్కో మెట్లమీద నిలబడి ఉన్నాడు. "బోర్డు చూడలేదా?"

"చూశాను."

"మరి?"

"మరేంటి? ఎత్తాలి."

"ఎందుకెత్తాలి?"

"ఎత్తాలి కాబట్టి."

అదీ వరస. ఆ ఊరి జనం అంతే. అడిగేవాడు తెలుసుకోవాలని అడగడు, తప్పు ఒప్పుకోవాలని అడుగుతాడు. చెప్పేవాళ్ళు, వినే మొహం కనిపిస్తే తప్ప నోరు విప్పరు. మూడు వారాలుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఆ రెండు ముక్కలూ ఎవరో ఒకరు కాస్త మెత్తగా అని ఉంటే గొడవ అక్కడితో పోయేది. తౌనో అయినా చెప్పొచ్చు. వాడు హిల్కా చెప్పనిది తానెందుకు చెప్పాలని కూర్చున్నాడు.

"తుపాకీ మూతి కప్పుకేసి తిప్పే షూటింగ్ క్లబ్బు ప్రపంచంలో ఎక్కడా లేదు," అన్నాడు యార్కో. "ఇన్‌స్పెక్టరమ్మ ముందు ఇలా ఎత్తారో, పాత తుపాకులన్నీ ఆరోజే బయటికి పోతాయి. నాకేం బాధ లేదు. గాలి తుపాకులు పెడదాం, పిల్లలొస్తారు. ఆదివారం నియమం ప్రకారం కాల్చండి. లేదా కాల్చకండి."

"మీ నాన్న ఉండుంటే నీ చెవి మెలేసేవాడు."

"మా నాన్న అధ్యక్షుడు కాదు."

"అందుకే క్లబ్బు ఇన్నాళ్ళు బతికింది," అంది హిల్కా. ఇంకో తూటా పెట్టి, మూతి ఎత్తి, రెండుసార్లు తట్టి, దించి కాల్చింది. యార్కో ఎర్రబడ్డ మొహంతో మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

శనివారమంతా హిల్కా వంటింట్లో ఆదివారానికి తూటాలు చేసింది. ఎప్పుడూ అందరికీ ఆమే చేస్తుంది. తండ్రి ఓ పాత ఖాళీ తూటాని కోసి చేసిన గరిటె ఉంది, పిల్లల మందు చెంచా అంత. ఒక్కో గొట్టంలో ఒక్క గరిటె. వేశాక దీపానికి ఎదురుగా పట్టి లోపలికి చూస్తుంది. ఒకసారి వేసింది మర్చిపోయి మళ్ళీ వేస్తే బయటికి తెలియదు, గొట్టం అంత లోతు. అందుకని చేస్తున్నంతసేపూ రేడియో పెట్టదు, ఫోను తీయదు. ఆరోజు మనసు కుదురుగా లేదు. నలభై తూటాలు చేయాల్సింది ముప్ఫై చేసి ఆపేసింది. చెడ్డ మనసుతో చేసిన పనిని ఆమె నమ్మదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పేరు మార్కెత్తా. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, బూట్లకి బురద. యార్కో ముందుగా కాఫీ, ఏలకులు దంచి వేసిన బన్నులు పెట్టాడు. ఆమె రెండు బన్నులు తిని, "బన్నులు బాగున్నాయి. ఇక తుపాకులు చూద్దాం," అంది.

నేలమాళిగలో పదిమంది దాకా బెంచీల మీద కూర్చున్నారు. హిల్కా తుపాకీ సంచిలోనే ఉంది. ఆమె చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంది.

"మా నియమాలు తలుపు మీద ఉన్నాయి మేడమ్," అన్నాడు యార్కో. "ముందు నేనే కాల్చి చూపిస్తాను. క్లబ్బు తుపాకీ. తూటాలు హాపోయా గారు చేసినవి."

అతను తూటా పెట్టాడు. మూతిని గురిపలక వైపే ఉంచి, సరిగ్గా బోర్డు మీద రాసినట్టు, పిసరు కూడా పైకి ఎత్తకుండా కాల్చాడు. టప్. చిల్లు. రెండోది. టప్. చిల్లు. యార్కో వెనక్కి తిరిగి చివరి బెంచీ వైపు చూశాడు. నోటితో అననక్కర్లేదు, మొహమే అంది.

హిల్కాకి తెలుసు. అదృష్టం రెండుసార్లు వస్తుంది, అయిదుసార్లు రాదు. గుండు మధ్యలో ఆగిపోతుందని ఆమెకి తెలుసు, తౌనోకి తెలుసు. లేచి, "ఆగు నాయనా," అనొచ్చు. అనలేదు. ఆగాలి, అందరి ముందూ ఆగాలి, ఈ మొహం మాడిపోవాలి అని కోరుకుంటూ కూర్చుంది. ఆ కోరిక ఆమెకి తియ్యగా ఉంది. తర్వాత చాలారోజులు ఆ తీపి గుర్తొచ్చి సిగ్గుపడింది.

మూడోది టప్ అనలేదు. తుస్ అంది. ఎవరో దుప్పటి కింద దగ్గినట్టుగా.

అందరూ కాగితం వైపు చూశారు. రెండే చిల్లులు.

"తప్పింది," అన్నాడు యార్కో. తూటా వెనక మూసే బోల్టు వెనక్కి లాగాడు, ఖాళీ ఇత్తడి గొట్టం కింద పడి మోగింది. నాలుగో తూటా లోపలికి తోశాడు. బోల్టు పిడి కిందికి తిప్పాడు. చెంప చెక్కకి ఆనించాడు.

హిల్కా అతని మొహం మాడాలనుకుంది గానీ మొహం పోవాలనుకోలేదు. తుపాకీ గొట్టంలో గుండు ఇరుక్కుని ఉంది, దాని వెనక ఇంకో గుండు బయల్దేరబోతోంది, ఆ ఇనుము పక్కనే ఉన్న చెంప ఒకప్పుడు జున్ను చెక్కు అడిగిన పిల్లాడిది.

"ఆపు!"

అరుపుతోపాటే ఆమె కూడా లేచింది. మేకులు వేసిన భుజం అని కూడా చూసుకోలేదు. రెండు బెంచీలు దాటి, యార్కో వేలు మీటమీద పడేలోపు అతని చేతి మీంచి తన చెయ్యి చాపి, బోల్టు పిడి పట్టుకుని పైకి తిప్పి వెనక్కి గుంజింది. తూటా ఎగిరి నేలమీద పడింది.

"మీకు మతిపోయిందా!" యార్కో గొంతు కీచుమంది. "కాల్చేవాడి తుపాకీ మీద చెయ్యేస్తారా? మేడమ్, చూశారా?"

"చూశాను," అంది మార్కెత్తా. "ఎందుకు పట్టుకున్నారు?"

"గుండు లోపలే ఉంది," అంది హిల్కా. ఆయాసం వచ్చేసింది. "ఒరేయ్ తౌనో, కడ్డీ."

ఈసారి తౌనో చెవి బాగానే వినపడింది. శుభ్రం చేసే ఇత్తడి కడ్డీ తెచ్చి, బల్లమీద పెట్టిన తుపాకీ మూతిలోంచి లోపలికి తోశాడు. సగం దూరం పోయి టక్కున ఆగింది. గొట్టం బయట కడ్డీ ఇంకా చేతిపొడుగు మిగిలింది. యార్కో ఆ మిగిలిన కడ్డీ వైపే చూస్తూ ఉండిపోయాడు, చెంప తడుముకున్నాడు.

తౌనో మెల్లగా సుత్తితో తట్టి గుండుని బయటికి తీశాడు. ఒకపక్క చదునైపోయిన సీసపు ముద్ద. బల్లమీద పెట్టాడు.

యార్కో ముందుగా తేరుకున్నాడు. తేరుకున్నాక అధ్యక్షుడే అయ్యాడు. "నేను చెప్పేదిదే మేడమ్. ఇవి ప్రమాదం. ఇక్కడ ఉండకూడదు."

మార్కెత్తా కాగితాల మీద కలం పెట్టింది. "నాకూ అలాగే అనిపిస్తోంది."

"రాసుకోండి," అంది హిల్కా. "కానీ మొత్తం రాసుకోండి. గుండు ఆగుతుందని నాకు తెలుసు. తెలిసి నోరు మూసుకుని కూర్చున్నాను. నా మాట నెగ్గాలని. అది నా తప్పు, నా పేరు పెట్టి రాసుకోండి. తుపాకీ తప్పు మాత్రం లేదు. మందు తప్పు లేదు. ఇప్పుడు నేను కాలుస్తాను. అవే తూటాలు. అది కూడా చూసి రాయండి."

"నియమం ప్రకారమేనా?" అంది మార్కెత్తా.

"కాదు. నియమానికి వ్యతిరేకంగా. మీ ముందే."

బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మార్కెత్తా కలం మూత పెట్టి, "కానివ్వండి," అంది.

హిల్కా కుక్కచెవుల తుపాకీ తీసింది. తూటా పెట్టి బోల్టు ముందుకి తోసింది. మూతిని నిటారుగా కప్పు వైపు ఎత్తింది. రెండుసార్లు తట్టింది. దించింది. కాల్చింది. టప్. మళ్ళీ పెట్టింది, ఎత్తింది, తట్టింది, దించింది. అయిదుసార్లు. అయిదు చిల్లులూ కాఫీ సాసరు వెడల్పులో పడ్డాయి. భుజం సలుపుతోంది. సలపనీ అనుకుంది.

మార్కెత్తా తుపాకీ మూతి వైపు చూడలేదు. మొదటినుంచీ హిల్కా కుడిచెయ్యినే చూస్తోంది.

"ఎత్తినప్పుడు పిడి ఎక్కడుంది?" అని అడిగింది.

"పైనే," అంది హిల్కా. అడిగిన తీరు ఆమెకి నచ్చింది. "బోల్టు వెనక్కి జారకుండా బొటనవేలు అడ్డం పెడతాను, అంతే. పిడి కిందికి తిప్పను. తిప్పనంతవరకూ అది తుపాకీ కాదు, దుడ్డుకర్ర. మీట ఎంత నొక్కినా పేలదు. గురిపలక వైపు దించాకే పిడి తిప్పుతాను. నాన్న అలాగే నేర్పాడు. దించకముందే పిడి తిప్పానంటే, వేళ్ళమీద ఒక్కటిచ్చేవాడు."

మూడు వారాలు యార్కో మూతినే చూశాడు. పిడి ఎక్కడుందో ఒక్కసారీ చూడలేదు.

మార్కెత్తా అతని వైపు తిరిగింది. "అధ్యక్షా, నాకు రెండు పద్ధతులు కనిపించాయి. తలుపు మీద రాసిందాంతో గుండు గొట్టంలో ఆగింది. తలుపు మీద వద్దన్నదాంతో అయిదూ తగిలాయి. నేను ఆమోదించాల్సింది మీ క్లబ్బు నియమాన్ని, ఈవిడ నాన్నగారి నియమాన్ని కాదు. మీ నియమం ఇదే అయితే పాత తుపాకులు ఇవాళే ఆగిపోతాయి. ఏం రాయమంటారు?"

నేలమాళిగ అంతా యార్కో వైపు చూసింది. అతను బల్లమీది సీసపు ముద్దను తీసి అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. చాలాసేపు పట్టింది. ఆ ఊళ్ళో ఒక మగాడు ప్రశ్న అడగడానికి ఎంత పడుతుందో అంత.

"హిల్కత్తా," అన్నాడు చివరికి. "ఎందుకెత్తుతావు?"

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ పిలుపు. హిల్కా కావాలనే గసిరింది.

"ఇన్నాళ్ళకి నోరొచ్చిందా! ఇంత తూటా గొట్టంలో చిటికెడు మందురా. అడ్డంగా పట్టుకుంటే గొట్టం పొడుగునా పరుచుకుంటుంది. నిప్పు వెనకనుంచి వస్తుంది, మందు అందీ అందకుండా అంటుకుంటుంది, గుండుకి బయటిదాకా పోయే ఓపిక ఉండదు. నిలబెట్టి తడితే మందంతా నిప్పు దగ్గరికి చేరుతుంది. అంతే."

"అంతేనా?"

"అంతే."

"ఇది మూడు వారాల కిందటే చెప్పొచ్చుగా!"

"ఇలా అడగొచ్చుగా!"

తౌనో పకపకా నవ్వాడు. దాంతో బెంచీలన్నీ నవ్వాయి. యార్కో నవ్వలేదు గానీ మెట్లెక్కి వెళ్ళాడు. మేకులు పీకిన చప్పుడు కిందికి వినపడింది. బోర్డు తెచ్చి మొదటి నియమం మీద అడ్డంగా గీత కొట్టి, కింద కొత్తది రాశాడు. "పిడి పైన ఉండగా మూతి ఎత్తాలి. రెండుసార్లు తట్టాలి. దించాకే పిడి తిప్పాలి." మార్కెత్తా అది చదివి సంతకం పెట్టింది.

"రెండోది కూడా కొట్టేస్తున్నా," అన్నాడు యార్కో, కలం పట్టుకుని. "ఇవాళ్టికి."

"చెయ్యి తియ్యి," అంది హిల్కా.

"అత్తా, నువ్వు నా తుపాకీ పట్టుకోకపోతే నా కన్ను..."

"పట్టుకున్నానుగా. ఇంకొకరి చేతిలోని తుపాకీని ముట్టుకున్నవారు ఆ సీజనంతా కాల్చరాదు. అది నేను రాసింది, బాగా ఆలోచించే రాశాను. నాకోసం మార్చావంటే రేపు ఇంకొకడికోసం మారుస్తావు. రాసుకోండి మేడమ్. హిల్కా హాపోయా, సీజను ముగిసే ఏప్రిల్ దాకా."

"పిచ్చిదానా," అన్నాడు తౌనో. "ఈ గురువారాల కోసమేగా ఇంత గొడవ చేశావు!"

"గురువారాలు ఉన్నాయిగా. ఎక్కడికీ పోలేదు."

మార్కెత్తా రాసుకుంది.

తర్వాతి గురువారం హిల్కా మామూలు వేళకే వచ్చింది. భుజాన తుపాకీ సంచి, చేతిలో ఫ్లాస్కు. బోర్డు చదివింది. కొత్త నియమం అక్షరాలు వంకరగా ఉన్నాయి, అయినా నచ్చాయి. కింద యార్కో క్లబ్బు తుపాకీని బల్లమీదికి తెస్తున్నాడు. అతని తాళంచెవుల గుత్తికి ఆ చదునైన సీసపు ముద్ద వేలాడుతోంది, చిల్లు పెట్టి కట్టుకున్నాడు.

"తుపాకీ ఎందుకు తెచ్చావత్తా? నువ్వు కాల్చకూడదుగా."

"నేను కాల్చకూడదు. దీనికి నిషేధం ఎవరు పెట్టారు?" కుక్కచెవుల తుపాకీని సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. తనే చేసిన తూటాల డబ్బా పక్కన పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ వీపు వెనక కట్టేసుకుంది. "ఇది మా నాన్న తుపాకీ. ఇంతవరకు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఏప్రిల్ దాకా నువ్వు కాలుస్తావు. నేను ఇక్కడే నిలబడతాను. ముట్టుకోను. తప్పు చేశావంటే మాత్రం మాట పడతావు."

యార్కో చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తూటా పెట్టాడు, బోల్టు ముందుకి తోశాడు, బొటనవేలు అడ్డం పెట్టాడు. అక్కడ ఆగి, అలవాటు కొద్దీ కప్పు వైపు భయంగా చూశాడు.

ఆ కప్పు కింద పదహారేళ్ళు జున్ను తిరగేసిన ముసలామె వెనకనుంచి గట్టిగా అంది:

"ఊరికే చూస్తావేంట్రా? ఎత్తు!"